చర్చిలో దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో “జరగలేదు” అని చెప్పేవాళ్ళకి మైక్ ఉండదా?

గోదారిగట్టు_సుధ
మా తమ్ముడికి రెండు కిడ్నీలూ పోయాయి. డయాలిసిస్ చేయిస్తూనే దాత కిడ్నీ కోసం జీవన్‌దాన్‌లో పేరు రాయించాం. మా చర్చి సంఘం మా కోసం ఏమీ చేయలేదంటే అబద్ధమే. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో వాడి పేరెత్తని వారం లేదు. డిసెంబర్ 31 రాత్రి వాచ్‌నైట్‌ ఆరాధనలో, కొత్త ఏటికని చీటీలా తీసే వాక్యాల్లో, వాడికి వచ్చిన వాగ్దానం కార్డు 118వ కీర్తనలోది: “నేను చావను సజీవుడనై యెహోవా క్రియలు వివరించెదను.” ఆ కార్డు చూసి సంఘ పెద్ద ఒకాయన వాణ్ణి మైక్ దగ్గరికి తీసుకెళ్ళాడు. “పొందియున్నామని నమ్ముడి” అన్నాడు కదా ప్రభువు, కాబట్టి స్వస్థత వచ్చేసిందని ముందే సాక్ష్యం చెప్పెయ్యి అన్నాడు. చెప్పాడు. చేతికి ఫిస్టులా (డయాలిసిస్ సూది గుచ్చడానికి రక్తనాళాలు కలిపిన చోటు) కట్టుతోనే నిలబడి చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

జూన్‌లో పోయాడు.

అప్పట్నుంచి ఆ సాక్ష్యం గురించి సంఘంలో ఎవరూ ఒక్క మాట అనరు. మొన్న ఆదివారం సాక్ష్యాల్లో ఒకరికి కారు, ఒకరికి కెనడా వీసా, ఒకరికి మనవడు. నాకూ రెండు నిమిషాలివ్వండి అని పాస్టర్ గారిని అడిగా. ఏం చెప్తావమ్మా అన్నారు. “తమ్ముడు బతకలేదు, నాకు దేవుడి మీద కోపంగా ఉంది, అయినా గుడికి వస్తున్నాను, ఇదే చెప్తా” అన్నా. “అది సాక్ష్యం కాదమ్మా, ప్రార్థన విజ్ఞాపనల్లో పెట్టుకుందాం” అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, భూస్థాపన రోజు పొద్దుట్నుంచి మాతోనే ఉన్నారు. కానీ ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. మీ సంఘాల్లో ఎక్కడైనా జరగని సంగతి చెప్పనిస్తారా?

చీమకుర్తి_రాయి
మా సంఘంలో సాక్ష్యమంటే టూవీలర్ నుంచి కారుకి వచ్చిన కథ. కారు నుంచి టూవీలర్‌కి దిగినవాళ్ళు వెనక బెంచీలో కూర్చుంటారు.

తమ్ముడి గురించి చదివాను సిస్టర్. మనసు బాగోలేదు.

అగ్నిజ్వాల77
సిస్టర్, మీ బాధ తక్కువ చేయట్లేదు. కానీ సాక్ష్యం అనేది దేవుణ్ణి మహిమపరచడానికి. కొత్తగా రక్షణలోకి వచ్చినవాళ్ళు అక్కడ కూర్చుని ఉంటారు. “అడిగాను, ఇవ్వలేదు” అని మైక్‌లో చెప్తే వాళ్ళ విశ్వాసం ఏమవుతుంది? దుఃఖం చెప్పుకోడానికి ఆదరణ కూడిక ఉంది, కాపరి ఉన్నాడు, మోకాళ్ళు ఉన్నాయి. మా పాపకి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు 12 వేలకి పడిపోయాయి. రాత్రంతా సంఘం మొర్రపెట్టింది, తెల్లారేసరికి కౌంట్ తిరగబడింది. దాన్ని నేను చచ్చేదాకా చెప్తూనే ఉంటాను. చెప్పకపోతే కృతఘ్నుణ్ణి.

గోదారిగట్టు_సుధ
మీ పాప సంగతి చెప్పొద్దని ఎవరన్నారు బ్రదర్? చెప్పండి. ఆదరణ కూడికలో కూడా మైక్ మాది కాదు. ముగ్గురు పాస్టర్లు మాట్లాడారు, ముగ్గురూ మాకే చెప్పారు. మమ్మల్ని చెప్పమని అడిగినవాళ్ళు లేరు.

పాతనిబంధన
రిటైరయ్యాక నాకు రెండే పనులు, మొక్కలకి నీళ్ళు పొయ్యడం, బైబిల్ చదవడం. అందుకే కాస్త పొడుగ్గా రాస్తాను, తిట్టుకోకండి.

అగ్నిజ్వాల గారూ, కొత్త విశ్వాసులు చెడిపోతారన్న భయం బైబిల్ కూర్చినవాళ్ళకి లేదు. కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొర్రలే. 88వ కీర్తన చూడండి. మిగతా మొర్రల్లో చాలావరకు చివరికొచ్చేసరికి ఏదో ఒక స్తుతి మీద తేరుకుంటాయి. ఇది తేరుకోదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. దాన్ని ఎవరూ తీసెయ్యలేదు, చివర్లో ఒక హల్లెలూయా తగిలించనూ లేదు. కోరహు కుమారులు గుళ్ళో అందరి ముందూ పాడే పాట అది. ఆ కాలపు మైక్ అనుకోండి.

హబక్కూకు ప్రవక్త మొదటి మాటే “యెహోవా, నేను మొఱ్ఱపెట్టినను నీవెన్నాళ్లు ఆలకింపకుందువు?” అని. అది ప్రవచనం. విజ్ఞాపనల పెట్టెలో వేసిన చీటీ కాదు.

హెబ్రీ 11 మనకి చాలా ఇష్టం కదా, విశ్వాస వీరుల పట్టిక. మా కూటాల్లో ప్రసంగీకులు సింహాల నోళ్ళు మూయించడం దాకా చదివి ఆపేస్తారు. ఆ తర్వాత అదే వరసలో “రాళ్లతో కొట్టబడిరి, రంపములతో కోయబడిరి” అని ఉంది. వీళ్ళ విశ్వాసం తక్కువ, వాళ్ళది ఎక్కువ అని రాసినాయన అనలేదు. అందరి గురించీ కలిపి “వాగ్దాన ఫలము అనుభవింపలేదు” అన్నాడు. సుధమ్మా, నువ్వు చెప్పాలనుకున్నదానికి చోటు ఆ అధ్యాయంలోనే ఉంది.

డల్లాస్_డీకన్
మా తెలుగు సంఘంలో పోయిన సంవత్సరం జరిగింది. ఇద్దరు కుర్రాళ్ళు, ఒకే అపార్ట్‌మెంట్, ఒకే సెల్ గ్రూప్ (ఇళ్ళల్లో కలిసే చిన్న ప్రార్థన గుంపు). ఇద్దరి హెచ్-1బి లాటరీ కోసం ఒకే రాత్రి ప్రార్థించాం. ఒకడికి వచ్చింది, రెండోవాడికి రాలేదు. వచ్చినవాడు ఆదివారం లేచి “దేవుడు నా పక్షాన ఉన్నాడు” అన్నాడు. రెండోవాడు అదే వరసలో కూర్చుని ఉన్నాడు. ఏడాదికి ఇచ్చేవే 85 వేలు, అడిగేవాళ్ళు లక్షల్లో. ఒక లెక్క ప్రకారం కంప్యూటర్ ఏరింది. ఇందులో దేవుడు ఎవరి పక్షాన ఉన్నట్టు?

చీమకుర్తి_రాయి
డీకన్ అన్నా, మీ దగ్గర గ్రీన్‌కార్డు కోసం ఉపవాసం మొదలుపెట్టినవాళ్ళు ఇప్పుడు మనవలతో కలిసి ఉంటున్నారట కదా.

డల్లాస్_డీకన్
నవ్వకు తమ్ముడూ. ప్రతి నెలా గ్రీన్‌కార్డు వరస ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ చూసి విశ్వాసం నిలబెట్టుకోవడం దానియేలు వల్ల కూడా కాదు.

మూడో_బెంచి
నేను చర్చికి వెళ్ళడం మానేసి చాలా కాలమైంది. ఈ వేదిక మాత్రం చదువుతుంటాను. మా అమ్మకి క్యాన్సర్ వచ్చినప్పుడు నేనూ అడిగాను. జవాబు రాలేదు. దానికి అలిగి మానలేదు. తర్వాత ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఒక కారణం తెచ్చారు. ఇంట్లో ఏదో పాపం ఒప్పుకోలేదన్నారు. దశమభాగం సరిగ్గా ఇవ్వలేదన్నారు. నాన్న హిందువుల పెళ్ళిలో ప్రసాదం తిన్నాడని ఒకాయన. అమ్మ చివరి నెలల్లో ఆవిడ కూడా నమ్మేసింది, తన తప్పు వల్లే ఇదంతా అని. ఆ మాటలే నన్ను బయటికి పంపాయి. సుధ గారూ, మీ పాస్టర్ కనీసం కారణం చెప్పలేదు. అది కొంత నయం.

పాతనిబంధన
మీ అమ్మగారి దగ్గరికి వచ్చినవాళ్ళు, కష్టాల్లో పడ్డ యోబుతో నీ పాపమే కారణం అన్న అతని స్నేహితుల చుట్టాలు. ఆ స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులూ నోరెత్తకుండా నేల మీద కూర్చున్నారు. అప్పటిదాకా మంచివాళ్ళే. నోరు తెరిచాకే పాడైంది.

అగ్నిజ్వాల77
ఇన్ని ప్రార్థనలకి ఇన్ని జవాబులు అని నేను అనట్లేదు. యాకోబు పత్రిక 4లో “దురుద్దేశముతో అడుగుదురు” అని ఉంది, మార్కు సువార్త 11లో నమ్మండి అని ఉంది. ఇవీ వాక్యమే. వీటిని పక్కన పెట్టి 88వ కీర్తన ఒక్కటే చదువుతామంటే అదీ సగం బైబిలే అవుతుంది.

ఉద్దానం_కొబ్బరి
మాది ఉద్దానంలో కవిటి మండలం. ఇక్కడి కిడ్నీ జబ్బు గురించి పేపర్లలో చదివే ఉంటారు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, ఎటు చూసినా డయాలిసిస్ చేయించుకునేవాళ్ళు తగులుతారు. నీళ్ళా, నేలా, ఎండలో పనా, మందులా, పరిశోధనలు ఎన్నో జరిగాయి, ఇదీ కారణం అని తేల్చిన మనిషి ఇప్పటికీ లేడు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి కట్టారు, అది మేలే.

అగ్నిజ్వాల గారూ, ఒక మాట చెప్పండి. మా వీధిలో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకీ కిడ్నీ చెడుతోందని చూపే క్రియాటినిన్ పెరుగుతోంది, నూకాలమ్మకి మొక్కుకునేవాళ్ళకీ పెరుగుతోంది. ఉద్దానం మొత్తానికి దురుద్దేశమా? మా నాన్న జీవితంలో అబద్ధమాడగా నేను చూడలేదు. ఆయన పోయిన ఆసుపత్రి వార్డులో పక్క మంచం మీద వడ్డీ వ్యాపారి. ఆయన ఇంకా తిరుగుతున్నాడు, బాగానే ఉన్నాడు.

అగ్నిజ్వాల77
దానికి నా దగ్గర జవాబు లేదు బ్రదర్.

ఐసీయూ_నైట్‌డ్యూటీ
నైట్ షిఫ్ట్‌లో ఉన్నాను, మధ్య మధ్యలో చదువుతున్నా. దేవుడు వింటాడా వినడా అన్నది మీరు తేల్చుకోండి. నేను చూసేది వేరే. డయాలిసిస్ వారానికి మూడుసార్లు ఉన్న మనిషి “నమ్మకం చూపించాలి” అని రెండు సెషన్లు మానేసి స్వస్థత కూటానికి వెళ్తాడు. తిరిగొచ్చేసరికి ఊపిరితిత్తుల్లో నీళ్ళు, ఒంట్లో పొటాషియం. పొటాషియం ఎక్కువైతే గుండె కొట్టుకునే తీరు తప్పి నిమిషాల్లో ఆగిపోవచ్చు. ఇలాంటి కేసు వచ్చిన ప్రతిసారీ చుట్టాలు బయట “దేవా, దేవా” అంటుంటారు. ఆ కూటంలో ఆ మనిషి స్టేజీ ఎక్కి చెప్పిన సాక్ష్యం మాత్రం వీడియోలో అలాగే ఉండిపోతుంది. దాన్ని తీసేసినవాళ్ళని నేను చూడలేదు.

సుధ అక్కా, తమ్ముడు సెషన్లు మానాడా?

గోదారిగట్టు_సుధ
లేదమ్మా. వాడు మొండివాడు, నర్సు చెప్పిన టైమ్ దాటేవాడు కాదు. పొటాషియం ఉంటుందని పొలం వెళ్ళినా కొబ్బరి బోండాం ముట్టుకోలేదు. ఇన్‌ఫెక్షన్ వచ్చి పోయాడు. దాతల లిస్టులో వాడి వరస వచ్చే లోపే.

వీడియో సంగతి మీరన్నాక గుర్తొచ్చింది, వాడిదీ సంఘం ఛానల్లో ఉంది. ఇప్పటికీ కింద ఆమెన్లు పడుతున్నాయి.

పాస్టరు_కొడుకు
ఇక్కడ రాయకూడదు, కానీ రాస్తున్నా. మైక్ ఎందుకివ్వరో లోపలి నుంచి చెప్తా. భయం. సాక్ష్యాల ఆదివారం కృతజ్ఞతార్పణలు వస్తాయి, లైవ్ చూసేవాళ్ళు పెరుగుతారు, అది ఉంది. కానీ అదొక్కటే అనుకుంటే మా నాన్నకి అన్యాయం చేసినట్టే. మైక్ దగ్గర ఒక మనిషి ఏడిస్తే, ఆ తర్వాత తను ఏం చెప్పాలో ఆయనకి తెలీదు. బైబిల్ కాలేజీలో ప్రసంగం ఎలా చెయ్యాలో నేర్పారు, జవాబు లేనప్పుడు ఎలా నిలబడాలో నేర్పలేదు. సోమవారం ఒకరి ఇంట్లో, మంగళవారం ఇంకొకరి ఇంట్లో మోకరించి వస్తారు. వచ్చి భోజనం చెయ్యకుండా పడుకున్న రాత్రులు నాకు తెలుసు.

ఇంకోటి. నాన్నకి షుగర్. రోజూ పొద్దున మాత్ర వేసుకుంటారు. షుగర్ కోసం ఎంతమంది తల మీద చేతులుంచారో లెక్కలేదు. తను మాత్ర వేసుకుంటున్నట్టు సంఘంలో ఒక్కరికీ తెలీదు. అమ్మ ఆ డబ్బా బియ్యం డబ్బా వెనక పెడుతుంది, ఎవరైనా వస్తే కనపడకుండా.

చీమకుర్తి_రాయి
పౌలు కూడా తిమోతికి కడుపునొప్పికి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకో అన్నాడు, చెయ్యి పెట్టి పంపలేదు. తనతో తిరిగిన త్రోఫిముని జబ్బుతో మిలేతులో వదిలేసి వచ్చాడు. మీ నాన్నగారికి చెప్పు, డబ్బా ముందుకి పెట్టుకోమని.

గుణదల_మెట్లు
మా కాథలిక్కుల పూజలో ఈ సాక్ష్యాల టైమే ఉండదు కాబట్టి ఈ గొడవ లేదు. ఉన్న గొడవలు వేరే. గుణదల మేరీమాత కొండకి ఫిబ్రవరిలో వెళ్తే మొక్కు తీరినవాళ్ళూ తీరనివాళ్ళూ ఒకే మెట్లెక్కుతారు, ఎవరెందుకు వచ్చారో ఎవరూ అడగరు. మా పెద్దమ్మ పిల్లల కోసం వెళ్ళడం మొదలుపెట్టింది. పిల్లలు పుట్టలేదు. ఇప్పుడు మోకాళ్ళు నొప్పులు, ఆ నొప్పుల కోసం వెళ్తానంటుంది. ఎక్కేసరికి అవి ఇంకా ఎక్కువవుతాయి.

మదర్ తెరెసా ఉత్తరాలు 2007లో బయటికొచ్చాయి కదా. దేవుడు ఉన్నట్టే అనిపించట్లేదని దాదాపు 50 ఏళ్ళు తన గురువులకి రాస్తూ వచ్చింది. పొద్దున్నే లేచి పనికి పోయింది. ఆవిణ్ణి పునీతురాలిగా ప్రకటించినప్పుడు ఆ ఉత్తరాలు అడ్డం రాలేదు.

ప్రకాశం_బాప్టిస్టు
ఒంగోలు ప్రార్థన కొండ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? అప్పట్లో నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషన్ మూసేద్దామా అని అమెరికాలో చర్చ. 1854 జనవరి 1 తెల్లవారుజామున అక్కడి మిషనరీ జ్యూయెట్ దొర దంపతులు, నెల్లూరు నుంచి వచ్చిన కొద్దిమంది తెలుగు విశ్వాసులు కొండెక్కి, ఒంగోలుకి ఒక మిషనరీని పంపమని అడిగారు. వాళ్ళు అడిగిన మిషనరీగా క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం. జవాబు రాలేదనుకున్నవాళ్ళు ఓపిక పట్టాలి.

ఉద్దానం_కొబ్బరి
1876–78 అంటే పెద్ద కరువు కూడా కదా అన్నా.

ప్రకాశం_బాప్టిస్టు
అవును. బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం క్లౌ దొర కాంట్రాక్టుకి తీసుకుని జనానికి పని, కూలి ఇప్పించారు. గింజల కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. ఆ సాయం ఆగిన తర్వాతే ఆ 2,222.

ఉద్దానం_కొబ్బరి
ఆ కాలవ గట్టు దాకా నడవలేక దార్లో పడిపోయినవాళ్ళు కూడా వాన కోసం ఎవరో ఒక దేవుణ్ణి అడిగే ఉంటారు. వాళ్ళని లెక్కపెట్టినవాళ్ళు లేరు. 2,222 మాత్రం ఇప్పటికీ అందరికీ నోటికొచ్చు. సుధక్క అడుగుతున్నదీ ఇదే కదా.

ప్రకాశం_బాప్టిస్టు
మా ముత్తాత వాళ్ళు ఆ రోజుల్లోనే మాదిగపల్లె నుంచి వచ్చి కలిసినవాళ్ళు. మాకు చదువు, పేరు, చెప్పులేసుకుని వీధిలో నడిచే ధైర్యం అక్కణ్ణుంచే వచ్చాయి. కాబట్టి ఆ కొండని నేను తక్కువ చెయ్యలేను. కానీ తమ్ముడూ, నువ్వన్నది తప్పనీ అనలేను. మా ఇంట్లో కూడా కరువులో పోయినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలీవు.

పాతనిబంధన
అపొస్తలుల కార్యములు 12 ఒక్కసారి తియ్యండి. హేరోదు రాజు యేసు శిష్యుడైన యాకోబుని కత్తితో చంపిస్తాడు. తర్వాత ఇంకో శిష్యుడు పేతురుని పట్టుకుని చెరలో వేస్తాడు. సంఘం ఆసక్తితో ప్రార్థిస్తుంది, దూత వచ్చి సంకెళ్ళు ఊడదీస్తాడు. యాకోబు తల్లి కూడా అక్కడెక్కడో ఉండి ఉంటుందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. పేతురు బయటపడి, వాళ్ళు ప్రార్థిస్తున్న ఇంటికొచ్చి తలుపు తట్టినప్పుడు ఆవిడ మొహం ఎలా ఉండి ఉంటుంది? ఆ పుస్తకం రాసిన లూకా అది రాయలేదు.

అగ్నిజ్వాల గారి కోసం ఇంకో సంగతి అదే అధ్యాయంలో. రొదే అనే పిల్ల పరిగెత్తుకొచ్చి పేతురు వచ్చాడంటే, ప్రార్థిస్తున్నవాళ్ళే “నీవు పిచ్చిదానవు” అన్నారు. అంటే వాళ్ళు నమ్మలేదు. నమ్మకపోయినా బయటికొచ్చాడు. సుధమ్మా, విశ్వాసం తక్కువైంది కాబట్టి మీ తమ్ముడు పోయాడు అనేవాళ్ళకి ఈ గది చూపించండి.

అగ్నిజ్వాల77
మాస్టారూ, ఆ గది గురించి నేను ఎప్పుడూ అలా చదవలేదు. ఒప్పుకుంటాను. కానీ ప్రార్థించడం మానమని ఆ అధ్యాయం చెప్పట్లేదు కదా. మా అన్న తాగుడు కోసం నేను పెళ్ళి కాకముందు నుంచి అడుగుతున్నాను. ఇప్పుడు మా పాప ఇంటర్. నిన్న కూడా తాగొచ్చాడు. ఇవాళ కూడా అడుగుతాను.

మూడో_బెంచి
మీ అన్న సంగతి ఎప్పుడైనా మైక్‌లో చెప్పారా?

అగ్నిజ్వాల77
లేదు.

మూడో_బెంచి
నేనైతే డెంగీ సాక్ష్యం కన్నా ఇది వినడానికి వస్తాను. వెనక బెంచీలోనే అనుకోండి.

పాస్టరు_కొడుకు
నాన్నకి ఈ చర్చ చదివి వినిపించాను, పేర్లు లేకుండా. షుగర్ మాత్రల పోస్టు తప్ప. 88వ కీర్తన దగ్గర ఆపమన్నారు. సాక్ష్యాల్లో కాకుండా, ఆరాధన మొదట్లో ఒక మొర్ర కీర్తన చదివించి, చదివినవాళ్ళు ఎందుకు చదివారో చెప్పనిస్తే ఎలా ఉంటుంది అని అడిగారు. సంఘ పెద్దలు ఒప్పుకోవాలి. ఒకాయన ఒప్పుకోడు, ఆయన పేరు కూడా నాకు తెలుసు.

గోదారిగట్టు_సుధ
మా పాస్టర్ గారినీ అదే అడుగుతాను. ముందు ఆ వీడియో తియ్యమని అడగాలి. తియ్యకపోతే కనీసం కింద వాడు పోయిన తేదీ రాయమని.

విజయనగరం_కొత్త
ఈ వేదికకి కొత్త, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా మామయ్యకి డయాలిసిస్. మూడు రోజుల స్వస్థత కూటాలకి తీసుకెళ్ళారు, ఆ మూడు రోజులూ మిషన్ ఎక్కలేదు. ఇప్పుడు ఇంటికొచ్చారు. వెల్లకిలా పడుకోలేకపోతున్నారు, ఆయాసం. కాళ్ళు బరువుగా ఉన్నాయంటున్నారు. రేపు ఆదివారం ప్రార్థన అయ్యాక వెళ్దామంటోంది అత్తయ్య. ఆగొచ్చా?

ఐసీయూ_నైట్‌డ్యూటీ
ఆగకూడదు. ఇప్పుడే బయల్దేరండి. పడుకోలేకపోవడం అంటే ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు వచ్చి ఉండొచ్చు. కాళ్ళ బరువు పొటాషియం వల్ల కావచ్చు. 108కి ఫోన్ చెయ్యండి. కూర్చోబెట్టి తీసుకెళ్ళండి, పడుకోబెట్టొద్దు. దారిలో నీళ్ళు, కొబ్బరి నీళ్ళు, పళ్ళరసం ఏవీ పట్టించొద్దు.

అగ్నిజ్వాల77
తమ్ముడూ, అత్తయ్యకి ఫోనివ్వు, అవసరమైతే నేను మాట్లాడతా. నంబర్ మెసేజ్‌లో పెట్టాను. ప్రార్థన అంబులెన్స్‌లో కూడా చెయ్యొచ్చు, ముందు ఎక్కించండి.

విజయనగరం_కొత్త
108కి చేశాం, వస్తోంది. అత్తయ్య మీతో మాట్లాడాక బట్టలు సర్దుతోంది. ఏ కాగితాలు పట్టుకెళ్ళాలి?

ఐసీయూ_నైట్‌డ్యూటీ
డయాలిసిస్ పుస్తకం, వాడే మందుల చీటీ, హెపటైటిస్ రిపోర్ట్, ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు. చివరిసారి మిషన్ ఎక్కిన తేదీ, అప్పుడు దిగాక ఉన్న బరువు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టండి, వెళ్ళగానే మొదట అదే అడుగుతారు. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వద్దు. పుస్తకం దొరక్కపోతే వెతుకుతూ కూర్చోకండి, వచ్చెయ్యండి.